వాయనానికి రవిక కొలత లేదు

రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసి పదేళ్లు గడిచి ఉండవచ్చు. అయినా పేరంటానికి పిలుపు రాగానే, రవిక ఒకవైపు వదులుగా కనిపిస్తుందేమోనని వెనుకాడుతున్నారా? స్నానవేళ అద్దం నుంచి చూపు తిప్పుకుంటున్నారా? 'ప్రాణం దక్కింది, అదే పదివేలు' అని ఇంటివారు అంటుంటే దుఃఖాన్ని దిగమింగుతున్నారా? ఆ దుఃఖం కృతఘ్నత కాదు. దేహం ఈశ్వరప్రసాదం. అందులో ఒక భాగం దూరమైతే ఏళ్ల తరబడి బాధ కలగడం సహజం.

ముంబయి తీరాన ఎలిఫెంటా గుహలోని అర్ధనారీశ్వరుణ్ణి తలచుకోండి. ఎడమవైపు మాత్రమే స్తనం, కుడివైపు చదునైన వక్షం. ఆ మూర్తిని అసంపూర్ణమని ఎవరంటారు? పరిపూర్ణతకే అది ప్రతిరూపం.

తలపు ఓదార్పునిస్తుంది, ఉపాయమూ అవసరమే. లోదుస్తులో అమర్చుకునే సిలికాన్ కృత్రిమ స్తనం భుజాల సమతూకానికి తోడ్పడుతుంది. పునర్నిర్మాణ శస్త్రచికిత్స ఏళ్ల తరువాతా చాలామందికి సాధ్యమే. ఏదీ వద్దనుకున్నా తప్పులేదు. చంకలోని గ్రంథులు తీసినవారికి ఏళ్లు గడిచాక కూడా చేయి వాయవచ్చు. ఉపేక్షించక వైద్యులకు చూపించండి. మనసులోని మాట భర్తతోనో, అక్కచెల్లెళ్లతోనో చెప్పుకోండి.

ఈసారి పిలుపు వస్తే వెళ్లండి. ముత్తయిదువలో అమ్మవారిని చూసి ఇచ్చేదే వాయనం, రవిక కొలత చూసి కాదు.