ఆబిడ్స్‌లో వైరు కొనేముందు

అక్కలారా! ఎవరో ఒక పాత కంప్యూటర్ తెర ఇచ్చారనుకోండి. మీ అమ్మాయి ల్యాప్‌టాప్ తెర చిన్నది. ఈ పెద్ద తెరకు కలిపితే చదువుకోను కళ్ళకు హాయి. "ఆబిడ్స్‌లో వైరు దొరుకుతుందమ్మా, తీసుకురా" అంటుంది. ఏ వైరు? అది తెలియకుండా పోతే ఏదో ఒకటి తెస్తాం. ఇంటికొచ్చి చూస్తే పట్టదు. కష్టపడ్డ డబ్బు పోయినట్టే.

అందుకే ముందు రెండు సాకెట్లు చూడండి. ఒకటి ల్యాప్‌టాప్ పక్కన ఉంటుంది. ఒకటి తెర వెనక ఉంటుంది.

నీలం రంగులో, మూడు వరుసల్లో 15 రంధ్రాలు ఉంటే అది వి.జి.ఎ. 1987లో ఐ.బి.ఎం. కంపెనీ తెచ్చింది. పాత తెరలకు ఎక్కువగా ఇదే. తెల్లగా, వెడల్పుగా ఉంటే డి.వి.ఐ. ఇది 1999లో వచ్చింది. సన్నగా, కింది మూలలు కోసినట్టు ఉంటే హెచ్.డి.ఎం.ఐ. ఇది 2002 నాటిది. బొమ్మ, శబ్దం రెండూ ఒకే వైరులో పోతాయి. ఇప్పటి టీవీలకు ఉండేది ఇదే.

వి.జి.ఎ.లో బొమ్మ కరెంటు హెచ్చుతగ్గులుగా పోతుంది. కొళాయి తిప్పితే నీళ్ళు సన్నగా, లావుగా వస్తాయి చూడండి, అట్లా. మిగతా రెండింటిలో బొమ్మ అంకెలుగా పోతుంది. సున్నా, ఒకటి. అంతే. దీపం ఆరింది, వెలిగింది అన్నట్టు. (కొన్ని డి.వి.ఐ. సాకెట్లలో పాత పద్ధతి కూడా కలిసి ఉంటుంది. దాన్ని ఇక్కడ వదిలేద్దాం.)

హెచ్.డి.ఎం.ఐ.కి, డి.వి.ఐ.కి భాష ఒక్కటే. మధ్యలో చిన్న అడాప్టర్ పెడితే చాలు. హెచ్.డి.ఎం.ఐ.కి, వి.జి.ఎ.కి భాష వేరు. నాంపల్లిలో ఉర్దూ ఒక్కటే వచ్చిన సేటుతో తెలుగు ఒక్కటే వచ్చిన అక్క బేరమాడాలంటే, మధ్యలో మాట మార్చి చెప్పే మనిషి కావాలి కదా. ఆ పని చేసేదే కన్వర్టర్. అయితే అది ఒక వైపే మాట మారుస్తుంది. తిప్పి పెడితే పనిచేయదు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

కాబట్టి చీటీ రాసుకోండి. కంప్యూటర్ వైపుది ముందు రాయండి. "కంప్యూటర్‌కు హెచ్.డి.ఎం.ఐ., తెరకు వి.జి.ఎ." ఇంతే. సాకెట్ల ఫోటో కూడా ఫోన్‌లో తీసుకుంటే మరీ మంచిది. ల్యాప్‌టాప్‌కు టైప్-సి సాకెట్టు ఒక్కటే ఉంటే దాన్నే వెంట తీసుకుపోండి. అన్ని టైప్-సి సాకెట్లలోంచి బొమ్మ రాదు.

నాంపల్లి స్టేషన్‌లో దిగితే ఆబిడ్స్ నడిచిపోయేంత దూరమే. ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆయన ఆరో నిజాం దగ్గర పనిచేసేవాడు. ఆయన ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆ పేరే మిగిలింది. జగదీశ్ మార్కెట్ వైపు ఫోన్ల సామాన్ల దుకాణాలు బాగా ఉన్నాయి. కలిపి చూపించమని అడగండి. బిల్లు తీసుకోండి. పట్టకపోతే మారుస్తారా అని ముందే అడగండి. ఇందులో సిగ్గేమీ లేదు. డబ్బు మనది.

ఇంటికొచ్చాక పిన్ను గట్టిగా తోయకండి, వంగుతుంది. బొమ్మ రాకపోతే కంగారు వద్దు. తెరకు "సోర్స్" అనే బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి, వైరు పెట్టిన సాకెట్టు పేరు ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే ల్యాప్‌టాప్‌లో విండోస్ గుర్తున్న మీట, "పి" మీట కలిపి నొక్కమని అమ్మాయికి చెప్పండి.