కథ మీద ప్రేమ, మనిషి మీద కోపం

ఫిబ్రవరి నెలలో గుంటూరు, ప్రకాశం సీమల మెట్ట దారుల వెంట వెళ్ళేవారికి కళ్ళాల నిండా ఎర్రటి తివాచీలు పరచినట్లు మిరపకాయలు కనిపిస్తాయి. తాలుకాయలు ఏరే స్త్రీల చేతులకు క్షణం తీరిక ఉండదు. చెవులకు మాత్రం కావలసినంత తీరిక. మా బాల్యంలో ఆ చెవులకు పని కల్పించింది 'చందమామ'. చదువు వచ్చిన పిల్లవాడినో పిల్లనో మధ్యలో కూర్చోబెట్టి ధారావాహిక చదివించుకునేవారు. ఆ నెల భాగం సరిగ్గా కథానాయకుడు ఆపదలో చిక్కుకున్న చోట ఆగిపోయేది. ఇక చూడాలి వాదోపవాదాలు! మాంత్రికుడు చచ్చాడని ఒకరు, వాడు చస్తే వచ్చే నెల కథేముంటుందని మరొకరు. పొద్దు గూకేదాకా ఆ తగవు సాగేది. పొద్దు గూకగానే అందరూ కలిసి బస్తాలు ఎత్తి ఇళ్ళకు వెళ్ళేవారు.

ఆ కథలు రాసినవారి పేరు అప్పట్లో మాలో ఎవరికీ తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆ ధారావాహికలపై రచయిత పేరు అచ్చయ్యేది కాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన ఆ పత్రికకు మన ప్రాంతంతో గాఢమైన అనుబంధం ఉంది. చక్రపాణిది తెనాలి. దశాబ్దాల పాటు పత్రిక భాషను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుదీ తెనాలే. 'తోకచుక్క', 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'భల్లూక మాంత్రికుడు' వంటి ధారావాహికలను రాసిన దాసరి సుబ్రహ్మణ్యం సైతం తెనాలి దగ్గరి చినగాదెలవర్రులో పుట్టినవారే. 1954లో 'తోకచుక్క'తో మొదలై రెండు దశాబ్దాలకు పైగా ఆయన కలం తెలుగు పిల్లలను కొండల్లో, కోనల్లో, శిథిల నగరాల్లో తిప్పింది. చిత్రా గీసిన బొమ్మలు ఆ లోకానికి రూపం ఇచ్చాయి. ఆ పిల్లలు పెద్దవారై, ఈ కథలు ఎవరివని వెదికి, పాత సంచికలు కూడగట్టి, రచయిత పేరును వెలుగులోకి తెచ్చారు. ధారావాహికలు ఆయన పేరుతో పుస్తకాలుగా వచ్చాయి. 2010 జనవరిలో ఆయన కన్నుమూశారు. అభిమానం చేయగల మేలుకు ఇంతకు మించిన ఉదాహరణ మన నేల మీద మరొకటి వెదకనక్కరలేదు.

ఇప్పుడు రెండవ దృశ్యం. గత వేసవిలో మా ఇంటనే జరిగింది. అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు. పెద్దవాడు ఇంజనీరింగు చదువుతున్నాడు, చిన్నవాడు ఇంటర్మీడియట్ తప్పాడు. ఇద్దరికీ ప్రాణమైన కథ ఒకటే, 'ద విచర్'. పోలెండు రచయిత ఆంజెయ్ సప్కోవ్‌స్కీ 1986లో ఒక చిన్న కథగా మొదలుపెట్టి, తర్వాత నవలలుగా విస్తరించిన కల్పన అది. 2007లో అదే దేశపు సంస్థ ఒకటి దానిని కంప్యూటర్ ఆటగా మలచింది. 2019 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ ధారావాహికగా తెరకెక్కించింది. పెద్దవాడు నవలలు చదివాడు, చిన్నవాడు ఆట ఆడాడు, ధారావాహికను ఇద్దరూ చూశారు. నవలలో ఉన్నదే అసలు కథ అని అన్న, ఆటలో ఉన్నవాడే అసలు వీరుడు అని తమ్ముడు. మాటా మాటా పెరిగింది. చివరకు బంధువులందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెద్దవాడు ఒక వాక్యం రాశాడు: "పరీక్ష గట్టెక్కలేనివాడికి పుస్తకాల సంగతి ఎందుకు?" ఆ మాటతో తగవు కథను దాటి మనిషి మీదికి వచ్చింది. నలభై రోజులు ఆ పిల్లలిద్దరూ మాట్లాడుకోలేదు. పెద్దల పలకరింపులు సైతం ముభావంగా మారాయి.

ఇది మా ఇంటి వింత కాదు, లోకమంతా ఉన్నదే. ఆ ధారావాహికలో ప్రధాన పాత్ర ధరించిన హెన్రీ కావిల్ తాను తప్పుకుంటున్నట్లు 2022 అక్టోబరులో ప్రకటించగా, ఆ స్థానంలోకి లియామ్ హెమ్స్‌వర్త్ వచ్చాడు. కొత్త నటుడు ఒక్క సన్నివేశంలోనైనా కనిపించక ముందే అతనిపై నిందల వర్షం కురిసింది. 2019లో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చివరి భాగం నచ్చక, దానిని మళ్ళీ తీయాలని కోరుతూ పది లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. మన వద్ద 2015 జూలైలో 'బాహుబలి' మొదటి భాగం ఒక ప్రశ్న దగ్గర ఆగితే, 2017 ఏప్రిల్ వరకు టీకొట్లలో, బస్సుల్లో, మిరప యార్డులో అదే ప్రశ్న. అది హాయిగా నవ్వుకున్న ముచ్చట. ఏదో ఒక నటుడి పక్షం వహించి, ఎదుటి పక్షం వారి ఇంటి ఆడవారిని సైతం దూషించే రాతలను మాత్రం ఎవరూ ముచ్చట అనలేరు.

ఇంత కోపం ఎందుకు వస్తుంది? కారణం లోతైనదే. కథ చదివేవాడు ఊరికే చదవడు, తన మనసులో ఒక లోకం కట్టుకుంటాడు. కోట గోడ ఎత్తెంతో, మాంత్రికుడి గొంతు ఎలా ఉంటుందో అతడే నిర్ణయించుకుంటాడు. ఆట ఆడేవాడు ఇంకో అడుగు ముందుకు వేసి, వీరుడి చేత తానే కత్తి పట్టిస్తాడు, దారి తానే ఎంచుకుంటాడు. అదే కథ తెర మీదికి వచ్చినప్పుడు ఇన్ని లోకాల స్థానంలో ఒక్క లోకమే నిలుస్తుంది. తాను కట్టుకున్న ఇంటిని ఎవరో కూల్చినట్లు అనిపిస్తుంది. ఆ బాధ నిజమైనదే, దానిని ఎగతాళి చేయరాదు. అయితే ఆ ఇంటిని కూల్చినది ఎదుట ఉన్న అన్నో తమ్ముడో కాదు. బాధ ఒకచోట పుట్టి, కోపం మరొకచోట పడుతున్నది. తన గుంపు అన్న ఏకైక కారణంతో న్యాయాన్యాయాలు మరచి వెనకేసుకు రావడాన్ని ధార్మిక పరిభాషలో 'అసబియ్యత్' అంటారు. అది తెగల మధ్యనే పుట్టాలని లేదు, సినిమా పోస్టరు ముందు కూడా పుడుతుంది.

కొందరు పెద్దలు మమ్మల్ని అడుగుతుంటారు: ఈ మంత్రగాళ్ళ కథలు అసలు మన పిల్లలకెందుకు, మొత్తంగా మాన్పించరాదా అని. వారి ఆందోళన అర్థం చేసుకోదగినది. కానీ అద్భుత కథ మన ఇళ్ళకు కొత్తది కాదు. 'దాస్తానె అమీర్ హమ్జా'ను ఉత్తర హిందూస్థానంలో తరతరాలు రాత్రులు జాగారం చేసి విన్నాయి. అక్బరు చక్రవర్తి ఆ కథకు దాదాపు 1400 చిత్రాలు గీయించాడు. 19వ శతాబ్దం చివర మొదలుపెట్టి 20వ శతాబ్దం తొలినాళ్ళ వరకు లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం దానిని ఉర్దూలో 46 సంపుటాలుగా అచ్చువేసింది. అందులో జిన్నులు, పరీలు, తిలిస్ములు కోకొల్లలు. అయితే ఇక్కడే ఒక మెలకువ అవసరం. హిజ్రీ 3వ సంవత్సరంలో ఉహద్ రణరంగంలో అమరులైన హజ్రత్ హమ్జా (రజి) చరిత్ర వేరు, దాస్తానులోని హమ్జా సాహసాలు వేరు. దాస్తాను కల్పన, ఉహద్ చరిత్ర. ఈ తేడా తెలిసిన పిల్లవాడికి కథ వినోదమవుతుంది. తెలియని పిల్లవాడికి అయోమయమవుతుంది. ఆ తేడా చెప్పవలసినది పెద్దలు.

మరి మేము చెప్పామా? నిజాయితీగా ఒప్పుకోవాలి. చిన్నవాడు ఆడిన ఆ ఆట మూడవ భాగంపై ఐరోపాలో పద్దెనిమిదేళ్ళు నిండినవారికే అన్న ముద్ర ఉంది. ఆ ముద్రను మా ఇంట్లో ఒక్కరూ చూడలేదు. వాడు గదిలో కూర్చుని గంటల తరబడి ఏ లోకంలో ఉన్నాడో ఒక్కరూ అడగలేదు. పరీక్ష తప్పినప్పుడు మందలించాం, అంతే. కళ్ళంలో చందమామ చదివిన రోజుల్లో కథ పదిమంది మధ్య ఉండేది. పిల్లవాడు భయపడితే పక్కనున్న అత్త గ్రహించేది. ఇప్పుడు కథ చెవిలో పెట్టుకున్న తీగల్లోకి వెళ్ళిపోయింది. మార్పు కథలో కన్నా మన కూర్చునే తీరులోనే ఎక్కువగా వచ్చింది.

మా ఇంటి తగవు ఎలా ముగిసిందో చెప్పి విరమిస్తాం. ఇంటి వాడకానికి తెచ్చిన మిరపకాయలకు తొడిమలు తీస్తూ మా అమ్మ ఒక సాయంత్రం మనవళ్ళిద్దరినీ పిలిచింది. "నలభై రోజులు పలకరింపులు మానుకునేంత గొప్ప కథేందిరా అది? నాక్కూడా చెప్పండి" అంది. పెద్దవాడు మొదలుపెట్టాడు. కాసేపటికి చిన్నవాడు ఉండబట్టలేక, "అది కాదు నానమ్మా, ఆటలో వేరే ఉంది" అన్నాడు. అమ్మ ఇద్దరినీ ప్రశ్నలు వేసింది. ఆ వీరుడికి తల్లి లేదా? రాక్షసులను చంపి బతికేవాడిని ఊరివాళ్ళు ఎందుకు ఛీకొడతారు? మూడవ ప్రశ్నకు ఇద్దరూ కలిసి జవాబు వెదికారు. ఏది అసలు కథ అన్నది తేలలేదు, ఇప్పటికీ తేలలేదు. కానీ ఆ రాత్రి పెద్దవాడు అదే గ్రూపులో, అందరూ చూసేలా, తాను రాసిన మాట తప్పని ఒప్పుకుని తమ్ముడిని క్షమాపణ అడిగాడు. నలుగురి ముందు అన్న మాటకు నలుగురి ముందే క్షమాపణ చెప్పడం న్యాయం. అది వాడికి ఎవరూ చెప్పలేదు.

ప్రియ పాఠకులారా! ఈసారి మీ ఇంట్లో పిల్లలు ఏదో సినిమా మీదనో ఆట మీదనో గొంతులు పెంచితే, వెంటనే నోరు మూయించకండి. పక్కన కూర్చుని, ఆ కథ ఏమిటో చెప్పమని అడగండి. చేతికి ఏదైనా పని ఉంటే మరీ మంచిది.