ఒబెర్లిన్: ఒక్క ఓటుతో దారి మారిన కాలేజీ ఊరు

అమెరికాలో చదువుకుంటున్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల టూర్ ప్లాన్ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరా. మీ అబ్బాయో, అమ్మాయో ఒహాయో రాష్ట్రంలో ఉంటే ఈ లిస్టులో ఇంకో పేరు కలుపుకోండి. అదే ఒబెర్లిన్. క్లీవ్‌లాండ్ నుంచి నైరుతి వైపు సుమారు 55 కిలోమీటర్లు. కారులో గంటలోపు చేరుకోవచ్చు.

చిన్న ఊరు. ఆకాశాన్నంటే బిల్డింగులు ఉండవు, జలపాతం ఉండదు. మరి ఏం చూడాలి?

ఖాళీ గల్లా, ఒక్క ఓటు

1833లో ఇద్దరు క్రైస్తవ ప్రచారకులు ఊరినీ, కాలేజీనీ కలిపే మొదలుపెట్టారు. రెండేళ్లకే డబ్బుకు కటకట వచ్చింది. అదే టైమ్‌లో సిన్సినాటిలోని లేన్ సెమినరీ విద్యార్థులు, బానిసత్వం గురించి చర్చించొద్దన్నందుకు ఆ కాలేజీ వదిలేశారు. తాము ఒబెర్లిన్‌కు వస్తామన్నారు. వాళ్ల వెనుక ఉన్న న్యూయార్క్ వ్యాపారులు టాపన్ సోదరులు డబ్బు సాయం చేస్తామన్నారు. షరతుల్లో ముఖ్యమైనది: నల్లజాతి విద్యార్థులకూ తలుపు తీయాలి.

1835లో ట్రస్టీలు ఓటేస్తే రెండు వైపులా సమానంగా పడ్డాయి. అధ్యక్ష స్థానంలో ఉన్న జాన్ కీప్ తన ఓటు వేసి తలుపు తీయించారు. నిజం చెప్పాలంటే ఇందులో మంచి మనసుతో పాటు డబ్బు అవసరం కూడా ఉంది. కానీ తీసిన తలుపును వాళ్లు మళ్లీ మూయలేదు. ఈ ఊరి గొప్పతనం అదే.

దానికి పరీక్ష 1858 సెప్టెంబరులో వచ్చింది. కెంటకీలో బానిసత్వం నుంచి తప్పించుకుని ఒబెర్లిన్‌లో ఉంటున్న జాన్ ప్రైస్‌ను పట్టుకుని పక్క ఊరు వెల్లింగ్టన్‌కు తీసుకెళ్లారు. అప్పటి చట్టం పట్టుకున్నవాళ్ల వైపే ఉంది. అయినా ఊరి జనం, విద్యార్థులు, నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి వెళ్లి అతన్ని విడిపించి కెనడాకు దాటించారు. 37 మందిపై కేసులు పెట్టారు. చాలామంది వారాల తరబడి క్లీవ్‌లాండ్ జైలులో ఉన్నారు.

సీటు ఇచ్చారు, స్టేజీ ఇవ్వలేదు

అబ్బాయిలు చదివే డిగ్రీ కోర్సులోనే 1837లో నలుగురు అమ్మాయిలు చేరారు. 1841లో ముగ్గురు పట్టా అందుకున్నారు. 1862లో మేరీ జేన్ ప్యాటర్సన్ ఇక్కడే బి.ఎ. పూర్తి చేశారు. అమెరికాలో ఆ డిగ్రీ పొందిన తొలి నల్లజాతి మహిళగా ఆమెను చెబుతారు.

అయితే అంతా సాఫీగా ఏమీ జరగలేదు. 1847లో లూసీ స్టోన్ అనే విద్యార్థిని స్నాతకోత్సవ ప్రసంగం రాస్తే, దాన్ని మగవాళ్లు చదవాలన్నారు. అలాగైతే రాయనే రాయనన్నారామె. తర్వాత మహిళల హక్కుల ఉద్యమంలో పెద్ద వక్త అయ్యారు. అమ్మాయిని కాలేజీకి పంపితే సరిపోదు, తర్వాత ఆమె మాట కూడా వినాలి. ఇది మన ఇళ్లకూ వర్తించే సంగతే.

వంటింటి లింకు

దావత్‌లో వాడే పెద్ద అల్యూమినియం గిన్నెలకూ ఈ ఊరికీ సంబంధం ఉంది. ఒకప్పుడు అల్యూమినియం ఖరీదైన లోహం. ఇక్కడే చదివిన చార్లెస్ మార్టిన్ హాల్ 1886లో, 22 ఏళ్ల వయసులో, ఇంటి వెనుక కట్టెల కొట్టంలో కరెంటుతో దాన్ని చవగ్గా తీసే పద్ధతి కనిపెట్టారు. చెల్లెలు కాదు, కెమిస్ట్రీ చదివిన అక్క జూలియా ఆయనకు తోడుగా ఉన్నారు. అదే ఏడాది ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ కూడా విడిగా ఇదే పద్ధతి కనిపెట్టారు.

వెళ్లేముందు

ఊరి మధ్యలోని టాపన్ స్క్వేర్ అనే పచ్చటి పార్కు నుంచి మొదలుపెట్టండి. దాని చుట్టుపక్కల అన్నీ నడిచి చూడొచ్చు. క్యాంపస్‌లో నేలలోంచి పైకి లేచినట్టున్న రైలు పట్టాలు కనిపిస్తాయి. బానిసలను రహస్యంగా దాటించిన ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’కు గుర్తుగా పెట్టినవి. పేరులో రైలు ఉన్నా అది రైలు కాదు, సాయం చేసే ఇళ్ల గొలుసు. అలెన్ ఆర్ట్ మ్యూజియంలో టికెట్ లేదు.

మే చివర్లో స్నాతకోత్సవం రద్దీ, చలికాలంలో మంచు. సెప్టెంబరు, అక్టోబరు హాయిగా ఉంటాయి. జుమా రోజు వెళ్తుంటే క్లీవ్‌లాండ్ శివారు పార్మాలోని పెద్ద మసీదులో నమాజు చేసుకుని బయల్దేరొచ్చు. హలాల్ భోజనం వెంట తీసుకెళ్తే నిశ్చింత. సగం రోజు చాలు.