వాన నీటిలో పులుపు - పైరుకు చేటా?

వాన నీరు స్వచ్ఛమైనదే. అయినా పరీక్షిస్తే అందులో కాస్త ఆమ్ల గుణం కనిపిస్తుంది. అలాగైతే ఏటా వానలకు భూమి పులిసిపోదా, సున్నం చల్లాలా అని మీకు సందేహం రావచ్చు. అసలు సంగతేమిటో చూద్దాం.

ఆమ్లం ఎలా వస్తుంది?

పదివేల పాళ్ల గాలిలో బొగ్గుపులుసు వాయువు నాలుగు పాళ్ల పైచిలుకు ఉంటుంది. చినుకు నేలకు దిగేలోగా ఇది కొంత కరిగి బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. సోడాలో ఉండేదీ ఈ వాయువే. కాకపోతే దాన్ని ఒత్తిడితో ఎక్కిస్తారు గనుక నాలుకకు చురుక్కుమంటుంది.

స్వచ్ఛమైన నీటి ఉదజని సూచిక (పి.హెచ్.) 7. కాలుష్యం లేని చోట కూడా వాన నీటిది సుమారు 5.6 ఉంటుంది. ఇది సహజం, 'ఆమ్ల వర్షం' కాదు. బొగ్గు, పెట్రోలు వంటివి మండించినపుడు వచ్చే గంధకం, నత్రజని వాయువులు కలిసి సూచిక ఇంకా పడిపోతేనే ఆ పేరు.

మన నేలల్లో ఏమవుతుంది?

జగ్గయ్యపేట చుట్టూ సున్నపురాయి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది దానికోసమే. నందిగామ వైపు నల్లరేగళ్లలోనూ తెల్లటి సున్నపు గులకలు కనబడుతుంటాయి. వాన నీటి ఆమ్లం సున్నాన్ని తాకగానే విరిగిపోతుంది. కరిగిన సున్నం నీటితోపాటు బావుల్లోకి దిగుతుంది. ఆ నీళ్లు కాస్తే గిన్నెకు తెల్ల పొర పట్టేది అందుకే.

మీ పొలంలో గులక ఏరి నిమ్మరసం పిండి చూడండి. బుడగలు వస్తే అది సున్నమే. అలాంటి నేలలో మళ్లీ సున్నం చల్లడం డబ్బు దండగ.

గమనించాల్సింది ఇదీ!

సున్నం ఎక్కువైన నేలలో ఇనుము, జింకు ఉన్నా పైరుకు సరిగా అందవు. మిరప, పత్తిలో లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపమని అనుమానించాలి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలి. వరికి జింకు లోపముంటే ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు ఆఖరి దమ్ములో వేయాలి. దీన్ని భాస్వరం ఎరువుతో కలపకూడదు.

ఎర్ర చెలకల సంగతి వేరు. వాటిలో సున్నం తక్కువ కావచ్చు. ఏ నేలైనా సరే, ముందు భూసార పరీక్ష చేయించి, ఆ తరువాతే సున్నానికి ఖర్చు పెట్టండి.