నోటి క్యాన్సరు - అణుసూచికలు

ఆదోని పత్తి బజారులో బేరము సాగునపుడు కొనువాడు రాసిలో చేయిపెట్టి పిడికెడు దూది తీయును. దానిని వ్రేళ్ళతో లాగి, పింజ పొడవెంతో, బలమెంతో చూచి ధర చెప్పును. రెండు రాసులు చూపునకు ఒకే తెలుపుగ నున్నను పింజలో భేద ముండవచ్చును. నోటిలోని పుండును చూచినపుడు వైద్యుడు చేయు పనియు ఇట్టిదే. ఆతడు పుండునుండి చిన్న ముక్క తీయించి, సూక్ష్మదర్శినిక్రింద పరీక్ష చేయించి, అది క్యాన్సరు అవునో కాదో తెలిసికొనును. అయినచో రోగి వెంటనే అడుగు ప్రశ్న, "ఇది నయమగునా? మరల వచ్చునా?" అనునది. ఒకే పరిమాణముగల రెండు పుండ్లలో ఒకటి చికిత్సకు లొంగవచ్చును, వేరొకటి రెండేండ్లలో తిరిగి రావచ్చును. ఈ భేదమును ముందుగ తెలిసికొనుటకు తోడ్పడునవే అణుసూచికలు.

నోరు, గొంతు, స్వరపేటిక మున్నగు భాగములలో పుట్టు క్యాన్సర్లను కలిపి తల మెడ క్యాన్సర్లందురు. వీనిలో అధికభాగము లోపలి పొరయందలి పొలుసు కణములనుండి పుట్టును. 2022లో భారతదేశమున పెదవి, నోటి క్యాన్సర్లే క్రొత్తగ 1 లక్షా 40 వేలకు పైగా వచ్చినవని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ అంచనా వేసినది. పొగాకు, వక్క, మద్యము దీనికి ముఖ్య కారణములు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో బీడీ, ఖైనీ, గుట్కా ఎరుగనివారు లేరు. పొగాకు కలియని వక్క సైతము క్యాన్సరు కారకమే యని ఆ సంస్థ నిపుణులు 2003లో నిర్ణయించిరి.

పొగాకు తగిలిన చోటనే పుండు పుట్టుననుటకు మన రాష్ట్రమే సాక్ష్యము. శ్రీకాకుళం ప్రాంతపు స్త్రీలలో చుట్ట నిప్పుకొనను నోటిలోపల ఉంచుకొని పీల్చు అలవాటు కలదు. దీనిని అడ్డపొగ అందురు. 1971లో వెలువడిన ఒక పరిశీలనలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించిరి. అడ్డపొగ త్రాగువారి అంగిలిపై మార్పులు మెండుగ కనబడినవి. ఖైనీ, గుట్కా అంగిలిని గాక దవడను, చిగురును తాకుచుండును. కావున వాని పుండ్లు అచ్చటనే ఎక్కువ.

పొగాకులోని విషద్రవ్యములు కణముయొక్క జన్యువులను చెరచును. జకార్డు మగ్గమును చూచినవారికి ఇది సులభముగ బోధపడును. అట్టలలోని రంధ్రముల వరుసనుబట్టి బట్టమీద పువ్వు పడును. ఒక అట్టలో రంధ్రము తప్పిన, ఆ అట్టతో నేసిన ప్రతి బట్టలోను అదే తప్పు వచ్చును. జన్యువు అట్టవంటిది, దానినిబట్టి తయారగు మాంసకృత్తు పువ్వువంటిది. ఒక్క తప్పుతో క్యాన్సరు రాదు. ఏండ్లతరబడి తప్పులు పేరుకొని, కణవిభజనకు అడ్డు లేనపుడు వచ్చును.

ఇట్టి తప్పులను కనుగొనుట ఎట్లు? జన్యువునే నేరుగ చదువుట ఒక పద్ధతి. మాంసకృత్తునకు రంగువేసి చూచుట రెండవ పద్ధతి. పట్టును పట్టు కొన్ని ఆమ్లపు రంగులు నూలును పట్టవని రంగులద్దువా రెరుగుదురు. అట్లే ఒక మాంసకృత్తునకు మాత్రమే అంటుకొను ప్రతిరక్షకమును రంగుతో జోడించి, కణజాలపు పలుచని పొరపై వేయుదురు. ఆ మాంసకృత్తు ఉన్నచోట గోధుమరంగు తేలును, లేనిచోట తేలదు.

సూచికలలో మొదట చెప్పదగినది పి53. ఈ మాంసకృత్తును 1979లో కనుగొనిరి. ఇది కణమునకు కావలివానివంటిది. జన్యువులు చెడినపుడు విభజనను ఆపును, బాగుపడనిచో కణమును చంపును. కావలివాడే చెడిన దొంగకు అడ్డేమి? చెడిన పి53 తరచుగ కణకేంద్రకములో పేరుకొని ముదురు రంగు చూపును. కొన్ని పుండ్లలో అది బొత్తిగ తయారుకాదు, అపుడు రంగే కనబడదు. రెండును చెడు లక్షణములే. కావున రంగు లేకున్న మేలని తలచుట పొరపాటు. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో 420 మంది రోగులను చూడగా, సగముకన్న కొంచెము ఎక్కువమందిలో ఈ జన్యువు మారియున్నది. మాంసకృత్తు పనిని పూర్తిగ భంగపరచు మార్పులు గలవారు తక్కువకాలము జీవించిరి.

రెండవది ఇ.జి.ఎఫ్.ఆర్. ఇది కణము పైపొరలో నుండి, పెరుగుమను ఆజ్ఞను లోనికి చేరవేయును. తల మెడ క్యాన్సర్లలో చాలవాటియందు ఇది మితిమీరి యుండును. మిక్కిలి హెచ్చుగ నున్నచో పుండు మరల వచ్చుట ఎక్కువ యని పరిశీలనలు తెల్పినవి.

మూడవది పి16. పాశ్చాత్యదేశములలో గొంతు పైభాగమున, టాన్సిళ్ళ యొద్ద వచ్చు క్యాన్సర్లు పెక్కింటికి పాపిల్లోమా వైరసు కారణము. వైరసు కణములోని ఒక అదుపును త్రుంచగా పి16 పేరుకొనును. కనుక పి16 వైరసునకు నీడవంటిది. 2010లో అమెరికాలో ప్రచురించిన పరిశోధనలో, ఈ చోటి క్యాన్సరుగల 323 మందిలో వైరసు ఉన్నవారు నూటికి 82 మంది, లేనివారు 57 మంది మూడేండ్లు దాటి బ్రదికిరి. వైరసు ఉన్నవారిలో సైతము పొగ ఎక్కువ త్రాగినవారి గతి అంత మేలుగ లేదు. 2016లో వెలువడిన అంతర్జాతీయ దశానిర్ణయ పద్ధతిలో, పి16 గల గొంతు క్యాన్సర్లకు వేరుగ లెక్క ఏర్పరచిరి.

ఈ శుభసూచన దవడ, చిగురు, నాలుక క్యాన్సర్లకు వర్తించదు. పొగాకు, వక్కలవలన వచ్చు ఆ పుండ్లలో వైరసు పాత్ర స్వల్పము. నోటి పుండులో పి16 కనబడినదని చికిత్స తగ్గించుట ప్రమాదము. ఒక దేశమున, ఒక అవయవమున పనికివచ్చిన సూచిక మరియొకచోట పనికిరాకపోవచ్చును. అందుచే మన రోగుల పుండ్లను మనమే చదువవలసియున్నది. 2013లో భారతీయ శాస్త్రజ్ఞుల బృందమొకటి దవడ చిగురు క్యాన్సరుగల 110 మంది రోగుల జన్యువులను పరిశీలించినది. పి53, కాస్ప్8, నాచ్1 మున్నగువానితో పాటు, అంతకుముందు ఈ క్యాన్సరులో గుర్తింపబడని కొన్ని జన్యువులలోను మార్పులు కనుగొనినది.

సూచికలు రెండు విధములు. రోగము ఎట్లు నడచునో చెప్పునవి కొన్ని, ఏ మందు పనిచేయునో చెప్పునవి కొన్ని. పి.డి.ఎల్.1 రెండవ తెగకు చెందినది. ముదిరిన క్యాన్సరులో, రోగనిరోధకశక్తిని మేలుకొల్పు మందులు ఎవరికి ఇచ్చుట మంచిదో దానినిబట్టి నిర్ణయింతురు. ఏ సూచికయైనను గుంపును గూర్చి చెప్పును, ఒక వ్యక్తికి జాతకము వ్రాయజాలదు. నూటికి 57 మంది బ్రదుకుదురన్న, ఎదుట నున్న రోగి ఆ 57 మందిలో ఒకడో కాడో తెలియదు.

నోటి క్యాన్సరులో నేటికిని మొదట చూచునది పుండు ఎంత లోతు దిగినది, మెడ గ్రంథులకు ప్రాకినదా అనునదే. లోతును మిల్లీమీటర్లలో కొలుతురు. 5, 10 మిల్లీమీటర్లు దాటినకొలది దశ పెరుగును. ముంబయిలోని టాటా స్మారక ఆసుపత్రి వైద్యులు 2015లో ప్రకటించిన పరిశోధనలో, తొలిదశలోనే మెడ గ్రంథులను గూడ తీసివేసినవారిలో నూటికి 80 మంది మూడేండ్లు బ్రదికిరి. గ్రంథులు ఉబ్బువరకు వేచియున్నవారిలో 67 మందే బ్రదికిరి. కాలము విలువ దీనివలన తెలియును.

ఎమ్మిగనూరు మగ్గరి గాని, ఆదోని హమాలీ గాని పని మానుకొని కర్నూలు ఆసుపత్రికి పోవుటకు వెనుకాడును. పుండు నొప్పి లేనిదైనచో మరింత వెనుకాడును. తొలినాటి క్యాన్సరు తరచుగ నొప్పి లేనిదే. రెండు మూడు వారములలో మానని పుండు, దవడపై తెల్లని లేక ఎర్రని మచ్చ, నోరు తెరచుట కష్టమగుట, మెడలో గడ్డ - వీనిలో ఏ ఒక్కటి కనబడినను వైద్యునికి చూపవలెను. కేరళలో జరిగిన పరిశోధన ఫలితములు 2005లో వెలువడినవి. శిక్షణ పొందిన కార్యకర్తలు వెలుతురులో నోరు తెరిపించి చూచినంతమాత్రముననే, పొగాకు, మద్యము అలవాటుగలవారిలో నోటి క్యాన్సరు మరణములు నూటికి 34 వంతున తగ్గినవి. అణుసూచికలను చదువుటకు ప్రయోగశాల కావలెను. నోటిని చూచుటకు దీపమును, ఆ లక్షణములు తెలిసిన కన్నును చాలును. ఆ లక్షణములను పాఠశాలలోనే నేర్పవచ్చును.