లేజరు ఆగకూడదు

సీడీ రైట్ చేయడమంటే ఫైళ్ళు కాపీ చేయడమే అనుకునేవారికి, ఆ పని చేసే ప్రోగ్రామును సోర్స్ కోడ్ తెచ్చుకొని కంపైల్ చేసుకోవడం వట్టి చాదస్తంగా కనిపిస్తుంది. ఒక్క కమాండుతో రెడీమేడ్ ప్యాకేజీ దిగుతుంటే ఎందుకీ తిప్పలు అని అడగడం సబబే. కానీ లినక్సులో ఈ పనికి పేరుపడ్డ సీడీరికార్డ్‌ను దగ్గరగా చూస్తే సంగతి వేరుగా ఉంటుంది. అది సరిగ్గా నడుస్తుందా లేదా అన్నది సగమే కోడ్ రాసినప్పుడు తేలుతుంది. మిగతా సగం కంపైల్ చేసి ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తేలుతుంది. అందువల్ల ప్రోగ్రామును కట్టే పద్ధతి కూడా ప్రోగ్రాములో భాగమేనన్నది నా వాదన.

ముందు యంత్రం సంగతి. ఖాళీ సీడీ నిజానికి పూర్తిగా ఖాళీ కాదు. లోపలి అంచు నుంచి బయటికి చుట్లు చుట్లుగా సాగే సన్నని గాడి దాని మీద ముందే ఉంటుంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య ఎడం 1.6 మైక్రాన్లు. ఆ గాడిలోని రంగు పూతను లేజరు వేడిచేసి మచ్చలు పెడుతూ పోతుంది, పెట్టిన మచ్చ ఇక పోదు. 1ఎక్స్ వేగంలో సెకనుకు 75 సెక్టార్లు, ఒక్కో దానిలో 2048 బైట్లు, అంటే సెకనుకు 1,53,600 బైట్లు లేజరుకు అందుతూనే ఉండాలి. సిరిసిల్ల సాంచా మీద కండెలో నూలు అయిపోతే సాంచా ఆగుతుంది, కండె మార్చి మళ్ళీ నడిపిస్తే బట్ట ముందుకు సాగుతుంది. తొలి తరం సీడీ రైటర్లకు ఆ వెసులుబాటు లేదు. డేటా అందక లేజరు ఒక్కసారి ఆగిందంటే, ఆగినచోటనే అతికి మళ్ళీ మొదలుపెట్టడం వాటికి రాదు. సీడీ చెత్తబుట్ట పాలే. ఇదే బఫర్ అండర్‌రన్.

బెర్లిన్‌కు చెందిన యోర్గ్ షిల్లింగ్ సీడీరికార్డ్‌లో దీనికి పెట్టిన విరుగుడు ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. ప్రోగ్రాము మొదలవగానే రెండు ప్రాసెసులుగా చీలుతుంది. ఒకటి హార్డ్ డిస్క్ నుంచి చదివి, రెండింటికీ ఉమ్మడిగా ఉన్న మెమరీని నింపుతుంది. రెండోది అందులోంచి తీసి డ్రైవ్‌కు పంపుతుంది. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీలోనైనా మరెక్కడైనా ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో వచ్చే ప్రొడ్యూసర్-కన్స్యూమర్ లెక్క ఇదే. పరీక్షలో తప్పితే మార్కులు పోతాయి, ఇక్కడ తప్పితే సీడీ పోతుంది. ఈ ఉమ్మడి మెమరీ మామూలుగా 4 ఎంబీ. 1ఎక్స్ వేగంలో అది సుమారు 27 సెకన్ల తిండి. 16ఎక్స్‌కు వచ్చేసరికి 1.7 సెకన్లకు పడిపోతుంది. ఆ సెకనున్నరలో కంప్యూటరు మరో పనిలో పడి ఈ మెమరీని డిస్క్ మీదికి తోసేస్తే చేసిన ఏర్పాటంతా వృథా. అందుకే సీడీరికార్డ్ తన మెమరీని కదలకుండా తాళం వేసుకుంటుంది, రాసే ప్రాసెసుకు రియల్ టైమ్ ప్రాధాన్యం అడుగుతుంది, డ్రైవ్‌తో నేరుగా స్కజీ కమాండ్లలో మాట్లాడుతుంది.

కంపైలేషన్ అసలు విలువ ఇక్కడ తెలుస్తుంది. ఉమ్మడి మెమరీ, మెమరీ తాళం, రియల్ టైమ్ ప్రాధాన్యం అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకేలా ఉండవు. కొన్నిట్లో అసలే ఉండవు. ‘మేక్’ అని కొట్టగానే చిన్న చిన్న పరీక్షా ప్రోగ్రాములు ఒకదాని వెంట ఒకటి కంపైలై, ఈ సిస్టమ్‌లో ఏముంది, ఏం లేదు అని తేలుస్తాయి. ఉమ్మడి మెమరీ దొరకలేదంటే ఇందాక చెప్పిన జంట ప్రాసెసుల ఏర్పాటు ఆ ప్రోగ్రాములోకి చేరనే చేరదు. సోర్స్ కోడ్ అదే అయినా తయారైన యంత్రం వేరవుతుంది. ఇన్‌స్టాల్ కూడా అంతే. ఫైలును /ఆప్ట్/షిలీ డైరెక్టరీలో పెట్టినంత మాత్రాన పని ముగియదు. తాళానికీ, ప్రాధాన్యానికీ రూట్ అధికారం కావాలి గనుక దానికి సెట్‌యూఐడీ లాంటి అనుమతి ఇవ్వాలి. ఇవ్వకపోతే ప్రోగ్రాము నడవొచ్చు గానీ ఆ రెండు రక్షణలు పనిచేయవు.

తెలుగు పేర్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. సీడీ మీద ఫైళ్ళ అమరికకు వాడే ఐఎస్ఓ 9660 ప్రమాణం మొదటి స్థాయిలో ఫైలు పేరుకు ఇంగ్లీషు పెద్దక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే చెల్లుతాయి, అదీ ఎనిమిది అక్షరాలకు మించకుండా. ‘కథలాపూర్’ అన్న ఊరి పేరు సీడీ మీద తెలుగులోనే ఉండాలంటే ఆ ప్రమాణానికి పొడిగింపులైన జోలియెట్ గానీ రాక్‌రిడ్జ్ గానీ కావాలి. చూపుకు ఆ పేరు ఐదు అక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఎనిమిది సంకేతాలు. లినక్స్ వాడే యూటీఎఫ్-8లో అది 24 బైట్లు, జోలియెట్‌లో 16. ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చడానికి, సీడీ ఇమేజ్ తయారుచేసే తోటి ప్రోగ్రాము ఐకాన్వ్ అనే లైబ్రరీ మీద ఆధారపడుతుంది. కంపైల్ చేసేటప్పుడు ఆ లైబ్రరీ కనబడకపోతే మార్పిడి కుదరదు. 24 బైట్లను 24 వేరువేరు అక్షరాలనుకుంటే మన ఊరి పేరు గుర్తుపట్టలేని గీతలవుతుంది.

2006లో రేగిన గొడవ కూడా సరిగ్గా ఈ కట్టే పద్ధతి గురించే. షిల్లింగ్ సీడీరికార్డ్, దాని తోటి ప్రోగ్రాములు కలిసి ఉన్న సీడీఆర్‌టూల్స్‌లో చాలా భాగాన్ని, మేక్‌ఫైళ్ళతో సహా, సన్ సంస్థ తెచ్చిన సీడీడీఎల్ లైసెన్సు కిందికి మార్చారు. ఇమేజ్ తయారుచేసే ప్రోగ్రాము మాత్రం జీపీఎల్ లైసెన్సు కిందే ఉండిపోయింది. జీపీఎల్ రెండో వెర్షన్ లెక్కలో, కంపైల్‌నూ ఇన్‌స్టాల్‌నూ నడిపే స్క్రిప్టులు కూడా సంపూర్ణ సోర్స్ కోడ్‌లో భాగమే. ఈ రెండు లైసెన్సులూ ఒకచోట ఇమడవు అంది లినక్స్ పంపిణీ డెబియన్. నా బిల్డ్ పద్ధతి విడి ప్రాజెక్టు, దానికి ఈ షరతు వర్తించదు అన్నారు షిల్లింగ్. డెబియన్ పాత కోడ్‌ను తీసుకొని, మేక్‌ఫైళ్ళ స్థానంలో సీమేక్ పెట్టి, సీడీఆర్‌కిట్ పేరుతో వేరుకుంపటి పెట్టుకుంది. ఆ తర్వాత చాలా సిస్టమ్‌లలో సీడీరికార్డ్ అని కొడితే నడిచేది అందులోని వోడిమ్ అనే ప్రోగ్రామే. నా తీర్పు రెండు ముక్కలు. సూత్రం దగ్గర డెబియన్‌ది సరైన మాట. తెలుగులో లినక్స్ కోసం 2005లో ముందుకొచ్చిన స్వేచ్ఛ లాంటి ప్రయత్నాలు బతికేది మార్చుకొని పంచుకునే హక్కు మీద. కోడ్ చేతికిచ్చి కట్టే దారి మూసేస్తే ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. పనితనం దగ్గర షిల్లింగ్‌దే పైచేయి. 2010 తర్వాత సీడీఆర్‌కిట్ కొత్త విడుదలలు ఆగిపోయాయి, ఆయన మాత్రం 2021లో చనిపోయే దాకా తన పనిని సాగించారు.

దీనికి మూడు అభ్యంతరాలు రావొచ్చు. 2000లో సాన్యో బర్న్‌ప్రూఫ్ తెచ్చాక లేజరు ఆగినా ఆగినచోటనే అందుకుంటుంది కదా అని మొదటిది. నిజమే, కానీ దాన్ని వాడమని డ్రైవ్‌కు చెప్పాల్సింది ప్రోగ్రామే. పైగా అతుకు ఎంత సన్ననిదైనా అతుకే, అవసరం రాకుండా చూడటమే మేలు. రూట్ అధికారమిచ్చే ప్రోగ్రామును ఎవరికివారు కట్టుకోవడం ప్రమాదం కాదా అన్నది రెండోది. ఇందులో నిజముంది. నలుగురి కళ్ళు పడ్డ ప్యాకేజీ చాలామందికి క్షేమం. అయితే ఆ ప్యాకేజీని కూడా ఎవరో ఒకరు కంపైల్ చేసినవారే, వారి ఎంపికలే మన ఎంపికలవుతాయి. ఆ ఎంపికలను పరిశీలించే దారి తెరిచి ఉండాలన్నదే వాదన, అందరూ మేక్ కొట్టాలని కాదు. సీడీల కాలమే పోయిందిగా అన్నది మూడోది. పోయింది. థామస్ ష్మిట్ రాసిన జోరిసో ఇవాళ ఎక్కువగా తయారుచేసేది పెన్‌డ్రైవ్‌లోకి పోయే ఇన్‌స్టాలర్ ఇమేజ్‌లనే. కానీ కోడ్ బయటపెట్టామని చెప్పి, దాన్ని పరికరంలో ఎక్కించే దారిని మూసేసే తయారీదారులు ఫోన్లలోనూ టీవీల్లోనూ ఇప్పటికీ ఉన్నారు. వారిని అడగాల్సిన ప్రశ్న 2006లో సీడీ రైటర్ల గొడవలో లేచినదే: కోడ్ ఇచ్చారు సరే, కట్టే పద్ధతి ఏదీ?