ఊపిరికి ఊత: నర్సు నేర్వవలసిన విద్య

సిరిసిల్ల మరమగ్గముల చప్పుడును, జగిత్యాల, కోరుట్ల వాడలలో బీడీలు చుట్టు తల్లులును మన విద్యార్థులకు క్రొత్త కాదు. పొగ త్రాగుట చేతను, కట్టెలపొయ్యి పొగ చేతను, పనిచోటి ధూళి చేతను ఊపిరితిత్తులు చెడి, నాలుగడుగులు వేయునంతలో ఆయాసపడు పెద్దలును మన యిండ్లలో కలరు. అట్టివారికి శ్వాస మిక్కిలి కష్టమైనపుడు, గొంతులోనికి గొట్టము దింపకయే ఊతనిచ్చు యంత్ర మొకటి కలదు. దానిని గూర్చియు, దానిని కనిపెట్టియుండు నర్సు జ్ఞానమును గూర్చియు ఇచట కొంత వ్రాయదలచితిమి.

శ్వాసకు రెండు పనులు గలవు. ప్రాణవాయువును గైకొనుట ఒకటి. బొగ్గుపులుసు వాయువును వెడలగొట్టుట రెండవది. రెండవ పని చెడినపుడు ఆ వాయువు రక్తమున నిలిచి, దానిని పులియజేసి, రోగిని మగతలో ముంచును. ప్రాణవాయువు నెంత యిచ్చినను ఈ లోపము తీరదు; మితిమీరి యిచ్చిన హెచ్చును గూడ. కావుననే ఇట్టి దీర్ఘరోగులకు వ్రేలికి తగిలించు కొలమానములో అంకె 88 మొదలు 92 లోపల నుండవలెనని వైద్యులు నియమించిరి. దానిని నూటికి చేర్పవలెనని తొందరపడు నర్సు మేలు చేయబోయి కీడు చేయును.

1928లో అమెరికాలో రోగిని మెడవరకు ఇనుప పెట్టెలో నుంచి శ్వాస నడపిరి. నేటి బైపాప్ యంత్రము చిన్నది. అది మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపును. పీల్చునపుడు ఒత్తిడి హెచ్చు, విడుచునపుడు తక్కువ. అలసిన ఛాతీ కండరములకు ఇందువలన విశ్రాంతి కలిగి, నిలిచిన వాయువు వెలికి పోవును.

అయితే యంత్రము తనంతట తాను రోగిని కాపాడజాలదు. మాస్కు వదులైన గాలి కారిపోవును. మిక్కిలి బిగించిన ముక్కుదూలముపై చర్మము పుండగును. రోగిని తల యెత్తున నుంచి కూర్చుండబెట్టవలెను. ఊపిరాడక బెదరినవానికి మాస్కును మొదట చేతితో పట్టి, మెల్లగా అలవాటు చేసి, పిమ్మట పట్టీలు కట్టుట మంచిది. వాంతి యగుచున్నవానికిని, స్మృతి తప్పి తన గొంతును తాను కాపాడుకొనలేనివానికిని ఇది సాధారణముగా తగదు. గంట రెండు గంటలలో ధమని రక్తమును పరీక్షించి, మేలు కానరానిచో వైద్యుడు వేరుమార్గము చూడవలెను.

ఇందు ముఖ్యమైన దొకటి చెప్పెదము. రాత్రియంతయు రొప్పిన రోగి తెల్లవారుజామున కదలక నిద్రించిన, చుట్టములు “చాలును, కునుకు పట్టినది” అని సంతసింతురు. తెలిసిన నర్సు సంతసింపదు. పేరుపెట్టి పిలిచి లేపును. లేవనిచో అది నిద్ర గాదు, విషవాయువు మగత యని గ్రహించి వెంటనే వైద్యుని పిలుచును. ఆ పిలుపుపైననే ప్రాణము నిలుచును.

ఈ సేవ ప్రత్యేకశాలలలోనే గాక సాధారణ వార్డులలోను సాగునని 2000లో ప్రకటితమైన ఆంగ్లదేశపు పరిశోధన చూపెను. 14 ఆసుపత్రులలో 236 రోగులను పరీక్షింపగా, మామూలు చికిత్స పొందినవారిలో నూటికి 20 మందియు, వార్డు నర్సులచే ఈ ఊత పొందినవారిలో 10 మందియు మరణించిరి. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. యంత్రముతోపాటు దాని నెరిగిన చేతులును మన పట్టణములకు కావలెను.

తలిదండ్రులారా, నర్సు అనుమతి లేక మాస్కు తీసి నీరు త్రాగింపకుడు. బాలబాలికలారా, మీలో నర్సు కాగోరువారు నేడే శరీరశాస్త్రమును శ్రద్ధతో చదువుడు. దయగల హృదయమునకు తెలివిగల కన్ను తోడైనప్పుడే సేవ సఫలమగును.